పదిహేడో మేకు

నేను ఒక హాజరు యంత్రాన్ని. చిన్న నోటుపుస్తకమంత నల్లపెట్టె, ముందువైపు వేలు పెట్టడానికి గాజుపలక, దాని పైన టైము చూపించే తెర. మీరు ఏదో ఒక ఆఫీసు గుమ్మంలో నన్ను చూసే ఉంటారు. పొద్దున్నే జనం ఒకరి వెనక ఒకరు నిలబడి, బొటనవేలు బట్టలకు తుడుచుకుని, గర్భగుడి ముందు నిలబడినట్టు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది నా ముందే. నాకు మాటలు రెండే వచ్చు. వేలు గుర్తుపడితే 'థాంక్యూ' అంటాను. పట్టకపోతే 'ప్లీజ్ ట్రై అగేన్' అంటాను. ఈ రెండు మాటలతోనే ఇన్నేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాను. ఇంతకంటే తక్కువ మాటలతో ఇంతమందిని భయపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నన్ను తయారుచేసిన చోట ఒక అమ్మాయి నన్ను పరీక్షించింది. ఆమె వేలు మెత్తగా ఉండేది, గీతలన్నీ ముగ్గు వేసినంత స్పష్టంగా కనిపించేవి. ఎన్నిసార్లు పెట్టిందో అన్నిసార్లూ థాంక్యూ అన్నాను. నా వీపున 'పాస్' అని చీటీ అంటించారు. ఆ చీటీతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి. లోకంలో వేళ్ళన్నీ ఆ అమ్మాయి వేలిలాగే ఉంటాయనీ, నేను తప్పు చెప్పడమన్నది జరగదనీ నమ్మేశాను.

మొదటి కొలువు విశాఖపట్నంలో, ఏసీ ఆఫీసులో. అక్కడి వేళ్ళు కూడా మెత్తనివే. తొమ్మిదిన్నరకు వచ్చి వేలు పెట్టేవారు, నేను థాంక్యూ అనేదాన్ని, వాళ్ళు అట్నుంచటే టీకొట్టుకు వెళ్ళేవారు. ఒకాయన పొద్దున వేలు పెట్టి, సినిమా చూసి, సాయంత్రం మళ్ళీ వచ్చి వేలు పెట్టేవాడు. నా లెక్కలో ఆయన ఆ ఆఫీసుకే తలమానికం. వేలు వస్తే మనిషి వచ్చినట్టే, మనిషి వస్తే పని అయినట్టే అని నాకు నేర్పారు. అంతకుమించి ఆలోచించే తీరిక నాకు మాత్రం ఏముంది!

ఆ ఆఫీసు మూతపడినప్పుడు శశాంక్ అనే అక్కడి కుర్ర మేనేజరు నన్ను అట్టపెట్టెలో పెట్టుకుని కాశీబుగ్గ తీసుకువచ్చాడు. అక్కడ బృందావనరావుగారి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆయనకు కొత్త ఉద్యోగం. ఫ్యాక్టరీని ఆధునికంగా మార్చిపెట్టమని షావుకారుగారు ఆయన్ను పిలిపించారు. మార్పుకు ఆయన దగ్గరున్న మొదటి పనిముట్టును నేనే.

ఆ ఫ్యాక్టరీలో హాజరు ఎలా వేసేవారో వింటే నవ్వుతారు. నేనూ నవ్వాను. పిక్కలు కొట్టే హాలు గుమ్మం పక్కన గోడకు అరవై మేకులుండేవి. మేకుకో నంబరు. పనికి వచ్చిన మనిషి తన అన్నం క్యారేజీని తన మేకుకు తగిలించి లోపలికి వెళుతుంది. మేస్త్రి లోకనాథం టీ తాగుతూ గోడవైపు ఒక్క చూపు చూసేవాడు. ఖాళీగా ఉన్న మేకు కనబడితే, "ఇరవైమూడు రాలేదేటి? నిన్న ఒళ్ళు ఎచ్చగుందంది, జొరం తగిలీసినట్టుంది. ఎవరన్నా ఆ దారినెల్లి ఓపాలి సూడండి" అనేవాడు. హాజరూ పరామర్శా ఒకేసారి అయిపోయేవి.

పదిహేడో మేకు దమయంతిది. ఆ హాలులో ఇరవైరెండేళ్ళుగా పిక్క కొడుతోంది. ఉడికించిన జీడిపిక్కను కత్తి కింద పెట్టి, కాలితో తొక్కి, లోపలి పప్పు విరగకుండా పెంకు రెండుగా చీల్చాలి. చీల్చిన పిక్కలోంచి పప్పును సూదితో ఊడదీసేది పక్క పీట మీది మనిషి. అందుకని అక్కడ ఎవరూ ఒంటరిగా పనిచేయరు, ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. దమయంతికి జోడు సుభద్ర. ఈ జంట చేతిలోంచి నూటికి తొంభై గుండు పప్పు, అంటే విరగని నిండు పప్పు, వస్తుందని లోకనాథం అందరికీ చెప్పుకునేవాడు.

శశాంక్ నన్ను బిగించడానికి గోడంతా చూసి, కరెంటు తీగ అందేది అక్కడికేనని పదిహేడో మేకు పీకించాడు. ఆ కన్నంలోనే నా మరమేకు దిగింది. దమయంతి క్యారేజీ చేత్తో పట్టుకుని నిలబడి అంతా చూసింది.

"నా మేకు తీసీసినారేటి బాబూ?" అని అడిగింది.

"ఇక మేకులతో పని లేదమ్మా. ఇక్కడ వేలు పెడితే చాలు, కంప్యూటరులో మీ పేరు పడిపోతుంది. ఇది అబద్ధం చెప్పదు" అన్నాడు శశాంక్.

"ఆ మేకు మట్టుకు ఏనాడు సెప్పిందండీ?" అంది దమయంతి. ఆయనకు అది వినిపించలేదు. నాకు వినిపించింది. కోపం కూడా వచ్చింది.

పాత పిక్కలు అయిపోయి, కొత్త పంట ఇంకా రాక, ఫ్యాక్టరీ రెండు నెలలు మూసి ఉండి అప్పుడే తెరుస్తున్న రోజులవి. అందరి వేళ్ళూ నాకు చూపించి పేర్లు ఎక్కించారు. సెలవులకు చర్మం తేరుకుని గీతలు చక్కగా కనబడుతున్నాయి. అరవైమందినీ బుద్ధిగా గుర్తుపెట్టుకున్నాను. వేలంటే మారనిది కదా, ఇక చూసుకోవలసిన పనేముంది అనుకున్నాను.

ఫాల్గుణం వెళ్ళేసరికి లారీల మీద పిక్కలు దిగాయి. పెంకులో ఉండే జీడి సంగతి నాకు తెలియదు. నల్లగా, జిగురుగా, తగిలిన చోటల్లా చర్మాన్ని కాల్చే నూనె అది. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి వేళ్ళు నల్లబడ్డాయి. మూడో వారానికి చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. నాలుగో వారం దమయంతి వేలు పెడితే నా గాజు మీద నల్లని మచ్చ ఒక్కటే కనిపించింది, గీత అన్నది లేదు. 'ప్లీజ్ ట్రై అగేన్' అన్నాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అన్నాను. ఆమె వెనకాల వరస గేటు దాకా పోయింది.

ఆడవాళ్ళు నాకు పేరు పెట్టేశారు. నేను పదే పదే అనే మాటనే పట్టుకుని 'ట్రయ్యగేనమ్మ' అన్నారు. "ఓలె, ఇయ్యాల ట్రయ్యగేనమ్మ నిన్ను కరుణించిందేటే?" అని ఒకరినొకరు అడిగేవారు. నా కరుణ కోసం చింతపండు రుద్దారు, నిమ్మచెక్క రుద్దారు, వేలు తలలో రాసుకుని పెట్టారు, నోటి ఆవిరి పట్టారు. ఒక శుక్రవారం సుభద్రకు ఇంకో ఆలోచన వచ్చింది. ఏ అమ్మవారైనా ఊరికే పలుకుతుందా అని, నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పెట్టడం ఎక్కడ పెట్టింది? సరిగ్గా నా గాజుపలక మధ్యన! ఆ పూట నాకు లోకమంతా ఎర్రగా కనబడింది. ఒక్కరినీ గుర్తుపట్టలేదు. ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చిన మేనేజరుగారికి కూడా 'ప్లీజ్ ట్రై అగేన్' అనేశాను.

ఆయన నన్ను జేబురుమాలుతో తుడిచి, విసుక్కుని, ఫోను తీసి ఏదో నొక్కుకుని తన హాజరు తానే వేసుకున్నాడు. దమయంతి పక్కనే ఉంది.

"మీకెలాగ పడిందండీ?" అని అడిగింది.

"నా దగ్గర పాస్‌వర్డు ఉందమ్మా" అన్నాడు.

దమయంతి ఆ మాట రెండుసార్లు నోట్లోనే అనుకుని, మర్చిపోకుండా దాచుకుంది.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో పాత రూలు ఒకటుంది: చెప్పాపెట్టకుండా వరసగా ఆరు రోజులు రానివాళ్ళ పీట పోతుంది. పీట పోతే మనిషి గేటు బయటికి పోయినట్టే. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, లోపల ఎవరైనా రాకపోతే, మేస్త్రి వేలు చూపిస్తే, ఆ ఒక్క రోజు పనికి రావాలి. దమయంతి వయసులో ఉండగా నాలుగేళ్ళు అలా ఎండలో నిలబడి ఆ పీట సంపాదించింది. లోకనాథం హాజరు వేసినన్నాళ్ళూ ఆ రూలు కాగితం మీద నిద్రపోయింది. నేను వచ్చాక లేచి కూర్చుంది. దమయంతి వేలు నాకు దొరకని ఐదో రోజు సాయంత్రం నా పక్కన గోడకు ఒక కాగితం అంటించారు. పదకొండు పేర్లు, అన్నింటికన్నా పైన దమయంతి. రేపు కూడా రాకపోతే పీటలు ఖాళీ చేయిస్తామని దాని సారాంశం.

లోకనాథం ఆ కాగితం చదివి మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "బాబూ, ఈ పదకొండుగురూ రోజూ వొస్తన్నారండీ. నా కల్లతో సూస్తన్నాను."

"మీరు చూశారంటే కుదరదండీ మేస్త్రిగారూ. సిస్టంలో పడాలి. వేలు సరిగ్గా కడుక్కుంటే అదే పడుతుంది" అన్నాడు శశాంక్. అతను చెడ్డవాడు కాదు. నాలాగే ఎక్కడో 'పాస్' చీటీ అంటించుకుని వచ్చినవాడు, అంతే.

ఆరో రోజు పొద్దున్న దమయంతి అందరికంటే ముందు వచ్చింది. వేలు కడుక్కుని, పైటచెంగుతో తుడుచుకుని, నా మీద మెల్లగా పెట్టింది. నేను శాయశక్తులా చూశాను, ఈ మాట నమ్మండి. ఒక్క గీత దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు. 'ప్లీజ్ ట్రై అగేన్' అన్నాను.

"అలాగే తల్లీ" అంది దమయంతి. మళ్ళీ ప్రయత్నించలేదు. తిన్నగా వెళ్ళి తన పీట మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆమె వెనక మిగతా పదిమందీ అలాగే చేశారు. ఎవరూ కత్తి ముట్టలేదు, కాలు కదపలేదు. బట్టీలో ఉడికి వచ్చిన పిక్కలు గంపల్లో అలాగే చల్లారుతున్నాయి. గేటు దగ్గర విజయవాడ లారీ నిలబడి ఉంది, సాయంత్రానికి నిండాలి. సంగతి తెలిసి శశాంక్ హడావిడిగా వచ్చాడు.

"ఏమైందమ్మా, పని మొదలుపెట్టలేదే?"

"మేం రాలేదు కదండీ" అంది దమయంతి.

"రాకపోవడమేమిటి? ఎదురుగా కూర్చున్నారు!"

"మీకు అగుపడతన్నామేటి?" అంటూ దమయంతి నావైపు చెయ్యి చూపించింది. "ఆ తల్లి రాలేదంతంది. ఆరు రోజుల్నించీ అదే మాట. మీరు అదే నిజమన్నారు. రానోల్లు పనెలాగ సేస్తారు బాబూ?"

హాలంతా గొల్లున నవ్వింది. నేను థాంక్యూ చెప్పినవాళ్ళు కూడా చేతులు ముడుచుకున్నారు. "నాను వొచ్చినాను గాని నా జోడు రాలేదంట. పిక్క కొట్టకుండా నాకు పప్పెక్కడిది?" అని సుభద్ర సూది పక్కన పడేసింది. ఒక్కొక్క జంటా అలాగే ఆగిపోయింది.

అదే సమయానికి షావుకారు బృందావనరావుగారి కారు వచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి హాలంతా చూసి, "ఇయ్యాల ఎంతమంది వొచ్చినారు?" అని అడిగారు. శశాంక్ ఫోను చూసి నలభైతొమ్మిది అన్నాడు. షావుకారుగారు వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి అరవై దగ్గర ఆగారు. తర్వాత నా దగ్గరికి వచ్చి తన బొటనవేలు పెట్టారు. ఆయన వేలు నాకు ఎవరూ చూపించలేదు కదా, 'ప్లీజ్ ట్రై అగేన్' అన్నాను.

"అయితే నానూ రాలేదన్నమాట" అన్నారాయన.

దమయంతి లేచి నిలబడింది. "బాబూ, ఈ సారుకి ఓపాలి పడకపోతే పాసువొర్డు కొట్టుకున్నారు. మాకు పాసువొర్డు నేదు. మాకున్నది ఆ మేకే. అది పీకీసినారు."

షావుకారుగారు ఓసారి గంపలవైపు, ఓసారి గేటు దగ్గరి లారీవైపు చూశారు. మేనేజరును తీసుకొచ్చింది తానే. అతని మాట తీసేస్తే మార్పన్నది అక్కడితో ఆగిపోతుంది. దమయంతి మాట తీసేస్తే లారీ ఆగిపోతుంది. చివరికి శశాంక్ వైపు తిరిగి, "వేలు సరిగ్గా కడుక్కోక పడటం లేదంటావు కదా. మూడు రోజులు దమయంతి పక్కన కూర్చుని పిక్క కొట్టు. నాలుగో రోజు పొద్దున్న నీ వేలు ఆ పెట్టె గుర్తుపడితే రూలు నడుస్తుంది. పట్టకపోతే రూలు పోతుంది, మేకులు మళ్ళీ వొస్తాయి. అంతవరకూ మేస్త్రి హాజరే హాజరు" అన్నారు.

శశాంక్ ముఖం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గలేదు. "సరే సర్" అని చొక్కా చేతులు మడిచాడు. పదకొండు పీటలూ ఆ కుర్రవాడి బొటనవేలి మీద ఆధారపడ్డాయి. ఆ వేలిని చదవవలసింది నేను. నా బతుకులో మొదటిసారి నాకు భయమేసింది.

ఆయన మొదటి గంటలో కొట్టిన పిక్కల్లో ఒక్క గుండు కూడా రాలేదు, అన్నీ ముక్కలే. మధ్యాహ్నానికి వేళ్ళు మండుతున్నాయని ఊదుకుంటున్నాడు. అది చూసి దమయంతి తన బూడిద చిప్ప ఆయన వైపు జరిపింది. "ముందు ఆముదం, దాని మీద బూడిద రాసుకోండి బాబూ. నేకపోతే పుళ్ళు పడిపోతాయి."

సుభద్ర ఆమెను మోచేత్తో పొడిచింది. "ఓలె, నీకు మతి పోనాదేటే? ఆయనేలు బాగుంతే మన పీట పోద్ది!"

"పీట కోసం మనిషి సెయ్యి కాల్సీమంతావేటి?" అంది దమయంతి. ఆ మాట మెల్లగానే అంది గానీ గుమ్మంలో ఉన్న నా దాకా వచ్చింది. అంతమంది వేళ్ళు చూశాను, అలాంటి మనిషిని మాత్రం ఆ రోజే చూశాను. ఆమెను ఆరు రోజులు రాలేదని రాసింది నేనేనన్న సంగతి తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

శశాంక్ కూడా ఆ మాట విన్నాడు. బూడిద రాసుకుని, కత్తి ఎలా పట్టుకోవాలో ఆమెనే అడిగాడు. రెండో రోజు పది గుండ్లు తీశాడు, మూడో రోజు నలభై. నలభయ్యోది చేతిలో పెట్టుకుని పిల్లాడిలా హాలంతా చూపించాడు.

నాలుగో రోజు పొద్దున్న ఫ్యాక్టరీ మొత్తం నా ముందు పోగైంది. బట్టీవాళ్ళు, లారీవాళ్ళు, బయట గేటు దగ్గర నిలబడేవాళ్ళు కూడా లోపలికి వచ్చారు. షావుకారుగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. శశాంక్ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాడు. జేబులో ఫోను ఉంది, ఫోనులో పాస్‌వర్డు ఉంది. ఆయన ఫోను తీసి లోకనాథం చేతిలో పెట్టి, బొటనవేలు నా మీద ఉంచాడు.

విశాఖపట్నంలో రోజూ రెండుపూటలా నేను చూసిన వేలే అది. అలవాటు లేని మెత్తని చర్మం, అందులోనూ మొదటి పూట ఆముదం, బూడిద లేకుండా జీడి పూసుకున్నది, మూడు రోజులకే నల్లగా, పగిలిపోయి ఉంది. ఎంత వెతికినా నా పాత శశాంక్ అందులో దొరకలేదు.

'ప్లీజ్ ట్రై అగేన్.'

నా బతుకులో ఎన్ని వేల సార్లు అన్నానో ఆ మాట! ఒక్కసారైనా ఎవరూ సంతోషించలేదు. ఆ రోజు మాత్రం రేకుల కప్పు ఎగిరిపోతుందా అన్నట్టు హాలు కేకలేసింది. సుభద్ర గంప మీద వాయించింది. లోకనాథం కళ్ళు తుడుచుకున్నాడు. "మళ్ళీ పెట్టండి బాబూ, మళ్ళీ పెట్టండి!" అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తే శశాంక్ మళ్ళీ పెట్టాడు. నేను ఇంకాస్త గట్టిగా అన్నాను. అప్పటికి ఆయన కూడా నవ్వుతున్నాడు.

ఆయన గోడ మీది కాగితం తానే చింపి, సుత్తి తెప్పించి, నన్ను పైకి జరిపి, పదిహేడో మేకు తన చేత్తో కొట్టాడు. కొట్టేటప్పుడు రెండు దెబ్బలు వేలి మీద పడ్డాయి, అది వేరే సంగతి. దమయంతి క్యారేజీ తగిలించి లోపలికి వెళ్ళింది. లోకనాథం టీ తాగుతూ గోడవైపు చూశాడు. "అరవైకి అరవై" అన్నాడు.

మార్పు అక్కడ ఆగిపోయిందనుకోకండి, అక్కడే మొదలైంది. ఏ మిషను వచ్చినా ముందు హాలులో పెట్టి, వాడేవాళ్ళతో వారం రోజులు వాడించి, వాళ్ళు సరేనన్నాకే బిగించాలని శశాంక్ కొత్త రూలు రాశాడు. ఆ రూలు కింద మొదటి సంతకం దమయంతిది. మొదట చేతితొడుగులు వచ్చాయి. మూడు రకాలు వెనక్కి పోయాక నాలుగో రకం నచ్చింది. తర్వాత గాలితో నడిచే కత్తిమిషన్లు వచ్చాయి. వాటికి పిక్క ఏ వాలులో పెడితే గుండు విరగదో దమయంతి చెబితే, వచ్చిన మెకానిక్కు కాగితం మీద రాసుకున్నాడు. పీటలు అలాగే ఉన్నాయి, అరవైమందీ ఉన్నారు. ఈమధ్య ముఖం చూసి హాజరు వేసే ఫోను ఒకటి తెచ్చారు. "మొగానికి పసుపు రాసుకుంతే గుర్తుపడతాదా?" అని సుభద్ర అడిగింది. దానికి ఇంకా పరీక్ష నడుస్తోంది.

నన్ను మాత్రం ఎవరూ పీకలేదు. హాజరు పని తీసేసి, నాలోని పేర్లు చెరపకుండా గోడమీదే ఉంచారు, టైము చూసుకోవడానికి. ఐదు కాగానే అరవైమందీ నావైపు చూసి లేచిపోతారు. వచ్చేవేళ కనిపెట్టడానికి తెచ్చినదాన్ని వెళ్ళేవేళ చెబుతూ బతుకుతున్నాను. హాయిగా ఉంది.

మొన్న ఒక సాయంత్రం దమయంతి క్యారేజీ తీసుకోవడానికి వచ్చింది. తొడుగులు విప్పి చంకలో పెట్టుకుంది. కత్తిమిషన్ల మేస్త్రమ్మగా ఆమెకు అది రెండో ఏడు. పోతూ పోతూ ఆగి నన్ను చూసి నవ్వింది. "ఏటి ట్రయ్యగేనమ్మా, బాగున్నావా?" అని ఊరికే, సరదాకి, బొటనవేలు నా గాజు మీద పెట్టింది.

నలుపు లేదు. పగుళ్ళు లేవు. నేను మొదటిసారి చూసిన గీతలన్నీ తిరిగి వచ్చి ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. పదిహేడో నంబరు, దమయంతి. ఆమెకు చెప్పాల్సిన మాట ఎన్నాళ్ళుగానో నా దగ్గర ఉండిపోయింది.

'థాంక్యూ' అన్నాను.